ఇంటర్వెల్ కబుర్లు: శంషాబాదు గదిలో మెక్సికో గిన్నె

ఘటోత్కచుడు మాంసం తిన్నాడా?

ఇదేం ప్రశ్నండీ, రాక్షసుడన్నాక తినడా అంటారు మీరు. అయితే ఒక్కసారి ‘మాయాబజార్’ గుర్తు చేసుకోండి. 1957లో కె.వి.రెడ్డిగారు పెళ్ళివారి వంటకాలన్నీ బారులు తీర్చి, వాటి మధ్య ఎస్.వి.రంగారావుగారిని కూర్చోబెట్టారు. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి ఆయన నోట్లో పడుతుంటే హాలు హాలంతా ఘొల్లుమంది, ఇప్పటికీ ఘొల్లుమంటూనే ఉంది. కానీ ఆ పళ్ళేల్లో ఏముందో చూశారా? గారెలు, బూరెలు, లడ్లు, పులిహోర, అప్పడాలు! భీముడి కొడుకు, హిడింబి పెంపకం, అడవిలో కాపురం... మచ్చుకి ఒక్క ఎముక లేదు. పెళ్ళి విందు కదా అని మీరు సర్ది చెప్పొచ్చు. సరే, ఒప్పుకుందాం.

తరవాత ఎన్నో ఏళ్ళకి 2023లో ‘బలగం’ వచ్చింది. అందులో ఒక్క నల్లిబొక్క కోసం బావా బావమరుదులు ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోరు. తెలంగాణ పల్లెలో మాంసం ముక్కకున్న పరువేమిటో వేణు యెల్దండి అంత నిక్కచ్చిగా చూపిస్తే జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. అంటే గారెల నుంచి నల్లిబొక్క దాకా వచ్చాం. బాగానే ఉంది. కానీ అది మేక బొక్క! పెద్దకూర గిన్నెకి మన తెర మీద క్లోజప్పు దొరకడం ఇంకా అరుదే.

ఈ వారం కబురు ఆ గిన్నె గురించే. గిట్టనివాళ్ళు నిరభ్యంతరంగా పేజీ తిప్పెయ్యొచ్చు, నేనేమీ అనుకోను. మిగతావాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కోండి.

సంగతేమిటంటే, శంషాబాదు నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. విమానాశ్రయంలో రాత్రి డ్యూటీ. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గది. ఏదో విదేశీ సినిమాలో మెక్సికో వాళ్ళు గిన్నెలో అన్నం, మాంసం, చిక్కుడు గింజలు, ఎర్రటి పచ్చడీ వేసుకుని తింటుంటే చూశాట్ట. “అన్నా, అది బీఫట. మా ఇంట్ల పెద్దకూర అంటం. అర్ధగంటల గదిల చేసుకునే తీరు చెప్పు. కానీ ఓనరు కింది పోర్షన్ల ఉంటడు” అని రాశాడు. ఆ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. వంట ఎలా చెయ్యాలో చెప్పడం తేలిక. ఆ చివరి వాక్యానికి జవాబు చెప్పడమే కష్టం.

ముందు ఆ ఊరి సంగతి చూడండి. శంషాబాదుకి ఆ పేరు పైగా ప్రభువుల వంశంలోని షంసుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. సినిమా వాళ్ళకి ఆ దారి కొత్తకాదు. పక్కనే అమ్మపల్లిలో సీతారామచంద్రస్వామి గుడి ఉంది చూశారూ, ఎత్తైన గోపురం, కోనేరు, చుట్టూ మండపాలు... మీరెన్నోసార్లు ఆ కోనేటి మెట్ల మీద హీరోయిన్ దీపాలు వెలిగించడం చూసే ఉంటారు. ఏ గోదావరి ఒడ్డునో అనుకుని ఉంటారు, అంతే! 2008 మార్చి 23 నుంచి బేగంపేట విమానాలన్నీ ఇక్కడికి మారాయి. దాంతో పాటు మన సినిమా క్లైమాక్సు కూడా మారింది. అంతకు ముందు హీరో బేగంపేటకి పరిగెత్తేవాడు, ఇప్పుడు అవుటర్ రింగు రోడ్డు మీద బండిని వాయువేగంతో తోలుకొస్తున్నాడు. గాజు తలుపుల దగ్గర హీరోయిన్ వెనక్కి తిరుగుతుంది, నేపథ్య సంగీతం, కౌగిలింత. ఆ ఫ్రేములో వెనకాల ట్రాలీల బారు తోసుకుపోతూ ఒకడు కనిపిస్తాడే, అరక్షణం... వాడే నాకు ఉత్తరం రాసింది! వాడు డ్యూటీ దిగి ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు అన్నది ఏ రైటరూ రాయలేదు.

ఇహ మెక్సికో. అక్కడి వంటని సినిమావాళ్ళు ఎంత ముద్దు చేశారంటే, రాబర్ట్ రోడ్రిగెజ్ అనే దర్శకుడు 2003లో ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ మెక్సికో’ తీసి, ఆ సినిమా డీవీడీలో తానే చొక్కా చేతులు మడిచి వంట పాఠం చెప్పాడు. సినిమాలో జానీ డెప్ వేసిన సీఐఏ ఏజెంటు ఎక్కడికెళ్ళినా ఒకే పంది మాంసం వంటకం తెప్పించుకుంటూ ఉంటాడు. ఒకచోట అది మరీ అద్భుతంగా ఉందని వంటవాణ్ణే కాల్చేస్తాడు! మెచ్చుకోవడంలో అదొక పద్ధతి కాబోలు. ఆ వంటకాన్నే దర్శకుడు డీవీడీలో చేసి చూపించాడు. మన దర్శకుల్లో ఎవరైనా తమ సినిమాలోని నల్లిబొక్క పులుసు ఇలా చేసి చూపిస్తే బావుణ్ణు.

అయితే ఇందులో ఒక తమాషా ఉంది. ‘మెక్సికో బీఫ్ గిన్నె’ అంటున్నామా, అందులో బీఫూ మెక్సికోది కాదు, బియ్యమూ మెక్సికోది కాదు. 1521లో స్పెయిను వాళ్ళు అజ్టెక్ రాజ్యాన్ని పడగొట్టేదాకా ఆ నేల మీద ఆవు అడుగు పడలేదు. బియ్యం కూడా ఆ స్పెయిను వాళ్ళతోనే వెళ్ళింది. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ, మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య ఓడలు నడిచాయి. ఆసియా సరుకులు ఎన్నో ఆ దారిన అక్కడ దిగాయి.

మరి అటునుంచి ఇటు ఏమొచ్చాయి? ఊపిరి బిగబట్టండి. మిరపకాయ! టమాటా! మొక్కజొన్న! రాజ్మా! బడిపిల్లలు గేటు దగ్గర కొనుక్కునే సీమచింతకాయ కూడా. మిరపకాయ లేని గుంటూరుని ఊహించుకోండి, సూర్యకాంతం లేని అత్తగారి పాత్రలా లేదూ? పోర్చుగీసు వాళ్ళు మిరప తెచ్చిందాకా మన తాతముత్తాతలు మిరియాల కారంతోనే నాలుక చురుక్కుమనిపించుకున్నారు. అంచేత ఆ గిన్నెలో వాళ్ళదనుకున్నది తూర్పుది, మనదనుకున్న కారం వాళ్ళది. ఏదో పరాయి వంట చేసేస్తున్నామని శంషాబాదు తమ్ముడు బెరుకుపడనక్కర్లేదు.

ఇంకా దగ్గరి చుట్టరికం చెప్తాను. హైదరాబాదు పాతబస్తీలో పొద్దున్నే ఏం తింటారు? ఖిచిడీ, ఖీమా, ఖట్టా! ఎర్ర కందిపప్పు వేసి వండిన అన్నం, పక్కన పొడిపొడిగా వేయించిన ఖీమా, పైన నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి రసం, నంజుకోడానికి అప్పడం. మెక్సికో వాళ్ళ గిన్నెలో ఏముంది? అన్నం, చిక్కుడు గింజలు, ‘పికదియో’ అనే కొట్టిన మాంసం, పుల్లకారం సల్సా, మొక్కజొన్న అప్పడం. లెక్క సరిపోయిందా లేదా? ‘పికదియో’ పేరు స్పానిష్‌లో ముక్కలుగా తరగడం నుంచి వచ్చింది. ‘ఖీమా’ పేరు వెనక ఉన్న టర్కీ మాటకీ తరగడమనే అర్థం. రెండు ఖండాల్లో ఇద్దరు వంటవాళ్ళు ఒకే కత్తి పట్టుకున్నారన్న మాట.

అలా గిన్నెలో పేర్చివ్వడం మాత్రం అమెరికా హోటళ్ళ వేషం. మెక్సికోలో గోధుమ రొట్టెలో చుట్టిచ్చే బురిటో ఉంది కదా, 1993లో డెన్వర్లో పుట్టిన చిపోట్లే వంటి హోటళ్ళు దాని రొట్టె తీసేసి, లోపలి సరుకు గిన్నెలో పోసి అమ్మాయి. చొక్కా విప్పిన హీరోకి టిక్కెట్లు ఎక్కువ తెగినట్టు, అదీ బ్రహ్మాండంగా ఆడింది!

ఇప్పుడు కింది పోర్షను ఓనరు దగ్గరికి వద్దాం.

తెలంగాణలో పెద్దకూర అనే మాట ఎంత ముచ్చటైనదో చూడండి. అందులో ‘పెద్ద’ ఉంది. కానీ ఆ మాట పలికేటప్పుడు గొంతు మాత్రం చిన్నదవుతుంది. బజార్లో నల్లటి పాలిథిన్ సంచీ అడుగుతారు. టిఫిన్ డబ్బా మూత సగమే తెరుస్తారు. అదే వంటకాన్ని చల్లగాలి మిషనున్న హోటల్లో ‘మెక్సికన్ బీఫ్ బౌల్’ అని రాస్తే ఫోటో తీసుకుని మరీ తింటారు! పేరు మారితే పరువు మారిపోతుందా? మన పరిశ్రమలో పేరు మార్చుకుని స్టార్లయినవాళ్ళు చాలామందే ఉన్నారనుకోండి. కానీ గేదె పేరు మార్చుకోలేదు పాపం.

చట్టం మాటేమిటంటారా? 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఆవునీ, దూడల్నీ కొయ్యడానికి వీల్లేదు. పాడికీ సేద్యానికీ ఇక పనికి రాదని అధికారి సర్టిఫికెట్టిచ్చిన మిగతా పశువులకి అనుమతి ఉంది. అంచేత బజార్లో దొరికేది సాధారణంగా దున్న, బర్రె మాంసమే. ఇది దొంగ సరుకు కాదు. హైదరాబాదులో దీని మీద ఒక రాజవంటకమే ఉంది, కల్యాణి బిర్యానీ. బీదరు వైపు బసవకల్యాణం నుంచి వచ్చిన కల్యాణి నవాబుల పేరు మీద చెలామణీ అయిన వంట. మటన్ బిర్యానీకి చేతిలో డబ్బు చాలనివాళ్ళకి అదే పండగ. అందులో టమాటా, జీలకర్ర, ధనియాల ఘాటు ముందుకొచ్చి నిలబడుతుంది. ఇవి మూడూ మన మెక్సికో గిన్నెలోనూ పడతాయి!

ఎవరేం తినాలన్న గొడవ చిన్నదేం కాదు. 2012 ఏప్రిల్లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే కొట్లాట దాకా వెళ్ళింది. 2019లో నికొలస్ ఖార్కోంగోర్ తీసిన ‘అఖుని’ దొరికితే తప్పకుండా చూడండి. ఈశాన్య రాష్ట్రాల కుర్రకారు ఢిల్లీ అద్దె గదిలో స్నేహితురాలి పెళ్ళికని తమ ఊరి పులిసిన సోయా గింజలతో పంది మాంసం వండాలి. వాసన గుప్పుమంటుంది, ఇంటివాళ్ళు ఊరుకోరు. సినిమా అంతా పొయ్యి పట్టుకుని చోటు వెతుక్కోవడమే. నవ్వొస్తుంది, గొంతూ పట్టేస్తుంది. ఢిల్లీ తీసేసి శంషాబాదు పెట్టండి, కథలో ఒక్క రీలు కూడా మార్చనక్కర్లేదు.

అద్దెకిచ్చే ముందు “ఏమిట్లు?” అని అడిగి, కులం చెప్పించుకుని, వంటింటి వాసన దాకా బేరమాడే ఇళ్ళు నేనూ చూశాను. తన ఇంట్లో ఏం వండాలో నిర్ణయించుకునే హక్కు ఓనరుకుంది, కాదనను. కానీ నెల నెలా అద్దె తీసుకుని ఇచ్చిన గది కూడా తన వంటిల్లే అనుకోవడం దగ్గరే నాకు పేచీ. తమ్ముడూ, నా సలహా ఇది. దొంగచాటుగా వండకు. గది తీసుకునేటప్పుడే “మేం మాంసం వండుకుంటాం, పెద్దకూర కూడా” అని నవ్వుతూ చెప్పు. వద్దంటే ఇంకో గది చూసుకోవాల్సి రావచ్చు. తిరగాలి, అవస్థే. అయినా పెద్దకూర వండిన ప్రతిసారీ కిటికీలు మూసుకునే బతుకు కన్నా అది నయం. ఇప్పటికే గదిలో దిగిపోయావు కనక, ఒక ఆదివారం ముందుగా ఆయనతోనే మాట్లాడి చూడు. అన్నిటికన్నా పెద్ద నిజం ఏమిటంటే, ఈ వంటలో మసాలా ఘాటు లేదు. లవంగం, చెక్క, యాలక్కాయ ఏవీ పడవు. మెట్లు దిగి పోయే వాసన టమాటా కాల్చినదే!

సరే, పొయ్యి వెలిగిద్దాం. ఇద్దరికి లెక్క చెప్తున్నాను. ముగ్గురుంటే సగం కలుపుకోండి.

డ్యూటీకి వెళ్ళే ముందు అరగ్లాసు బొబ్బర్లు నానబోసి వెళ్ళు. తిరిగొచ్చాక కుక్కర్లో మూడు విజిల్స్ వస్తే చాలు. రాజ్మా కావాలంటే ఎనిమిది గంటలు నానాలి, ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో అయిదారు విజిల్స్ దాకా మెత్తగా ఉడకాలి. ఇక్కడ బద్ధకించొద్దు. సగం ఉడికిన రాజ్మాలో ఉండే ఒక పదార్థం వాంతులు పట్టిస్తుంది. గింజ వేలితో నొక్కితే వెన్నలా నలగాలి.

గింజలు ఉడుకుతుండగా అన్నం. ఒక గ్లాసు సోనామసూరి కడిగి పది నిమిషాలు జల్లెట్లో ఓడ్చు. తడి పోవాలి, అసలు కిటుకంతా అక్కడే. రెండు టమాటాలు, సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రేకలు పచ్చివే మెత్తగా రుబ్బు. గిన్నెలో రెండు చెంచాల నూనె కాగాక బియ్యం వేసి సన్నని మంట మీద వేయించు. గింజ ముందు తెల్లబడుతుంది, తరవాత లేత బంగారు రంగు తిరుగుతుంది, గరిటె తగిలితే ఇసుక చప్పుడు వస్తుంది. అప్పుడు టమాటా రసం పొయ్యి. చుర్రుమంటుంది, వెనక్కి నిలబడు! పచ్చి వాసన పోయాక, రసంతో కలిపి మొత్తం రెండు గ్లాసులు అయ్యేలా వేడినీళ్ళు, ఉప్పు. మూతపెట్టి సన్నని సెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు. దింపి పది నిమిషాలు మూత తియ్యకు, గరిటె పెట్టి కెలక్కు. మెక్సికోలో దీన్ని ‘పొడి సూపు’ అంటారు. రసమంతా బియ్యమే తాగేస్తుంది కనక.

ఇహ హీరో. పావుకిలో ఖీమా. కొట్టువాడితో ఒక్కసారే మిషన్లో వెయ్యమను, మరీ మెత్తగా అయితే ముద్దయిపోతుంది. సన్నని జల్లెట్లో కడిగి నీళ్ళు పిండెయ్యి. బర్రె మాంసంలో కొవ్వు తక్కువ, అందుకని నూనెకి పిసినారితనం పనికి రాదు. వెడల్పాటి మూకుడు బాగా కాలాక రెండు చెంచాల నూనె, దాని మీద ఖీమా పరిచి మూడు నిమిషాలు ముట్టుకోకు. మన చెయ్యి ఊరుకోదు, కలుపుతూనే ఉంటుంది. వద్దు! అడుగు గోధుమరంగు పట్టాలి, రుచంతా ఆ మాడులోనే ఉంది. తరవాత తిరగెయ్యి. నీళ్ళు ఊరతాయి, అవి ఇగిరేదాకా వేయించు. అప్పుడు ఒక తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, చెంచాడు కారం, వేయించి దంచిన జీలకర్ర చెంచాడు, ధనియాల పొడి అరచెంచా, ఉప్పు, ఒక టమాటా. అరగ్లాసు నీళ్ళు పోసి మూతపెట్టి పదిహేను నిమిషాలు. ఎరుపు జాడ లేకుండా లోపలిదాకా ఉడకాలి. ఇంకా గట్టిగా అనిపిస్తే మరికాసిన్ని నీళ్ళు పోసి కుక్కర్లో రెండు విజిల్స్ పెట్టు.

అల్లం వద్దు, పసుపు వద్దు, గరం మసాలా వద్దు. వేస్తే పాపమేం లేదు గానీ అప్పుడది మీ అమ్మ చేసే ఖీమా అవుతుంది, అది అమ్మ చేస్తేనే బావుంటుంది. మెక్సికో వాళ్ళు ఒరెగానో అనే ఎండుటాకు వేస్తారు. దాని బదులు కుండీలో పెంచుకునే వాము ఆకు రెండు సన్నగా తరిగి వెయ్యి. ఆ మొక్క మెక్సికోది కాదు గానీ ఇంగ్లీషులో దానికి ‘మెక్సికన్ మింట్’ అనే పేరుంది. పేర్ల భాగోతం ఇక్కడా వదల్లేదు చూశారా!

సల్సా అంటే భయపడొద్దు, అది రోటి పచ్చడే. రెండు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రేకలు పొయ్యి మీద పైన నల్లబడేదాకా కాల్చి, రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. మెక్సికోలో దీనికోసం మూడు కాళ్ళున్న రాతి రోలు ప్రత్యేకంగా ఉంటుంది. ఉప్పు, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, ఒక నిమ్మచెక్క. తాలింపు పెట్టావో, మళ్ళీ మన పచ్చడయిపోతుంది.

అడుగున అన్నం, ఒక పక్క గింజలు, ఒక పక్క ఖీమా, నడుమ సల్సా. పైన చెంచాడు గట్టి పెరుగు. వెన్నపండు ధర చూసి నేనే వద్దనుకున్నాను, ఆ లోటు పెరుగు తీరుస్తుంది. రోడ్డు మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు దొరికితే గింజలు ఒలిచి చల్లు. గింజలు కుక్కర్లో ఉడికిపోయి ఉంటే, రెండు పొయ్యిల మీద ముప్పయ్యయిదు నిమిషాల పని. ఒక్క పొయ్యే ఉంటే అన్నం మూతలో మగ్గుతుండగా ఖీమా మొదలుపెట్టు, గంట లోపు అయిపోతుంది.

రాత్రి డ్యూటీకి డబ్బాలో తీసుకెళ్తావు కనక ఒక జాగ్రత్త. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అందులో ఒక జాతి సూక్ష్మజీవులు విషం పుట్టిస్తాయి. తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. బయల్దేరే ముందే వండి, పొగలు కక్కుతుండగా వేడి నిలిపే డబ్బాలో పెట్టి, మొదటి బ్రేకులోనే తినెయ్యి. మిగిలితే వెంటనే ఫ్రిజ్జులోకి. సల్సా, పెరుగు చిన్న సీసాల్లో విడిగా పెట్టుకో. మూత మాత్రం సగం కాదు, పూర్తిగా తెరువు. పక్కన కూర్చున్నవాడు అదేమిటని అడిగితే ముందు పెద్దకూర అని చెప్పు, మెక్సికో సంగతి తరవాత. అప్పడం వేరే పొట్లంలో ఉండాలి తమ్ముడూ, ఆవిరికి మెత్తబడితే నంజుకోడానికి ఏమీ మిగలదు.